మా వీధిలో వద్దని మేమే సంతకం పెట్టాం

ముందు ఒక తప్పు ఒప్పుకుని మొదలుపెడతాం. నాలుగేళ్ల కిందట, మాలో కొందరం వెళ్లే చర్చికి గోడ ఆనుకుని ఉన్న పాత వార్డు ఆఫీసును నిరాశ్రయుల షెల్టర్‌గా మార్చాలని మా ఊరి కార్పొరేషన్ అనుకుంది. వీధిలో వాళ్లు వద్దని అర్జీ రాశారు. తాగుబోతులు చేరతారని, చీకటి పడ్డాక ట్యూషన్ నుంచి ఆడపిల్లలు వచ్చే దారి ఇదేనని, ఇళ్ల రేట్లు పడిపోతాయని కారణాలు చూపించారు. అర్జీ మా చర్చి కమిటీ దగ్గరకూ వచ్చింది. కమిటీలో దాని మీద చర్చ ఏమీ జరగలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక టీ తాగుతూ, ఇరుగుపొరుగుతో గొడవ మనకెందుకని సంతకాలు పెట్టేశారు. పెట్టేశారు అని రాస్తే తప్పించుకున్నట్టు ఉంటుంది. పెట్టేశాం. అదే కమిటీ ఆ ఏడాది క్రిస్మస్‌కు 200 దుప్పట్లు పంచింది, ఫొటోలు కూడా దిగాం.

షెల్టర్ మా వీధికి రాలేదు. తొమ్మిది కిలోమీటర్ల అవతల, చెత్త యార్డుకు పోయే రోడ్డులో, లారీలు ఆపుకునే మైదానం పక్కన కట్టారు. కొత్త బిల్డింగ్, మంచాలు ఉన్నాయి, ఫ్యాన్లు ఉన్నాయి. ప్రారంభోత్సవానికి మమ్మల్నీ పిలిచారు.

మా చర్చి వరండాలో అప్పట్లో ఒక అవ్వ పడుకునేది. నెల్లూరు వైపు నుంచి ఎప్పుడో పెళ్లై వచ్చిన మనిషి. భర్త పోయాడు, కొడుకు ఎక్కడున్నాడో ఆమెకే తెలియదు. హోల్‌సేల్ మార్కెట్‌లో తెల్లవారుజామున రెండింటికి ఉల్లిపాయల లారీలు దిగుతాయి. కుళ్లినవి ఏరి పక్కన గుట్ట పొయ్యడం ఆమె పని. పదింటికల్లా పని అయిపోతుంది. పగలు ఎక్కడో ఒక చోట నీడ చూసుకుంటుంది, రాత్రి మా వరండాకు వస్తుంది. కొత్త షెల్టర్‌కు కార్పొరేషన్ వ్యాన్‌లో ఆమెను కూడా తీసుకెళ్లారు. మూడో రోజు పొద్దున చూస్తే మళ్లీ మా మెట్ల మీదే ఉంది. ఏమైందవ్వా అని అడిగాం. "ఆడ మంచం ఉండాది నాయనా, పని లేదు" అంది. రాత్రి ఒంటిగంటకు అక్కడి నుంచి మార్కెట్‌కు రావడానికి బస్సు ఉండదు. ఆటోకు అయ్యే డబ్బు ఆమె ఒక పూట కూలి కంటే ఎక్కువ.

ఈ వ్యాసం ఆమె గురించి కాదు, ఆ తొమ్మిది కిలోమీటర్ల గురించి.

షెల్టర్ల మాట వచ్చినప్పుడు మనం ఎన్ని కట్టారు, ఎంత ఖర్చు పెట్టారు అని అడుగుతాం. ఎక్కడ కట్టారని అడగం. చెన్నైలో అయినా బెంగళూరులో అయినా ముంబయిలో అయినా రోడ్డు మీద పడుకునేవాళ్లలో ఎక్కువమంది పని ఉన్నవాళ్లే. హమాలీలు, పూలు కట్టేవాళ్లు, హోటళ్లలో గిన్నెలు కడిగేవాళ్లు, పెళ్లిళ్లకు వంట సాయం చేసేవాళ్లు, చెత్తలో ప్లాస్టిక్ ఏరేవాళ్లు. పని దొరికే చోటు దగ్గరే పడుకుంటారు. ఈ విషయం మన అత్యున్నత న్యాయస్థానానికి 1985లోనే అర్థమైంది. బొంబాయి ఫుట్‌పాత్‌వాసుల తరఫున జర్నలిస్టు ఓల్గా టెల్లిస్ మొదలైనవాళ్లు వేసిన కేసులో, బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమేనని, ఈ మనుషులు ఫుట్‌పాత్ మీద ఉండేది పని అక్కడికి దగ్గర కాబట్టేనని, అక్కడి నుంచి తీసేస్తే పని కూడా పోతుందని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే నోటీసు ఇచ్చి తొలగించవచ్చని కూడా చెప్పింది. ఆ తీర్పును పొగిడేవాళ్లు ఈ రెండో సగాన్ని సాధారణంగా వదిలేస్తారు.

షెల్టర్ ఎక్కడ రావాలో, ఎక్కడ రాకూడదో నిర్ణయించేది చాలావరకు మాస్టర్ ప్లాన్. ఇంటి ప్లాన్ అప్రూవల్‌కు తిరిగినవాళ్లు తప్ప మనలో ఆ మ్యాపును చూసినవాళ్లు తక్కువ. మామూలుగా అందులో నివాసాలకు పసుపు రంగు, వ్యాపారానికి నీలం, పరిశ్రమలకు ఊదా వేస్తారు. బడులు, ఆసుపత్రులు, ప్రభుత్వ ఆఫీసులు, ప్రార్థనా మందిరాల వంటి ప్రజా అవసరాలకు ఎరుపు. నిరాశ్రయుల వసతి కూడా ఈ చివరి కోవలోకే వస్తుంది. అంటే మ్యాపు మీద చర్చిదీ షెల్టర్‌దీ ఒకే రంగు. మా కమిటీ ఆ సంతకం పెట్టే ముందు ఈ మ్యాపు ఒకసారి చూసి ఉంటే బాగుండేది.

కొన్ని నగరాలు ఈ పని కాస్త ముందుచూపుతో చేశాయి. 2018లో అమల్లోకి వచ్చిన ముంబయి డెవలప్‌మెంట్ ప్లాన్ 2034లో నిరాశ్రయుల షెల్టర్ల కోసం విడిగా స్థలాలు కేటాయించారు. ఏళ్ల తరబడి అక్కడి సంఘాలు ఆఫీసుల చుట్టూ తిరిగితే వచ్చిన ఫలితం అది. కేటాయించిన ప్రతి చోటా గది లేస్తుందని కాదు. కానీ మ్యాపు మీద గుర్తు ఉంటే అడగడానికి ఒక ఆధారం ఉంటుంది. గుర్తు లేని ఊళ్లలో కార్పొరేషన్‌కు ఎవరికీ అక్కర్లేని బిల్డింగ్ ఏదైనా మిగిలితే అది షెల్టర్ అవుతుంది. పాత వార్డు ఆఫీసు, ఫ్లైఓవర్ కింద రేకుల గది, మూతపడ్డ స్కూలు. వీధి వాళ్లు అరిస్తే అదీ పోతుంది. మా ఊళ్లో జరిగింది ఇదే.

చట్టం, నిబంధనలు ఏమంటున్నాయో కాస్త చూద్దాం. ఇవి తెలియక మనం చాలా చోట్ల నోరు మూసుకుంటున్నాం.

2009 డిసెంబరు చలిలో ఢిల్లీ పూసా రోడ్డు దగ్గర ఒక తాత్కాలిక షెల్టర్‌ను తీసేశారు. 2001 నుంచి నడుస్తున్న ఆహార హక్కు కేసులో ఈ విషయం సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. 2010లో కోర్టు ఇచ్చిన ఆదేశాలు ఢిల్లీతో ఆగకుండా మిగతా పెద్ద నగరాలకూ వర్తించాయి: ప్రతి లక్ష జనాభాకు కనీసం ఒక షెల్టర్, ఏడాది పొడవునా నడవాలి. 2013లో కేంద్రం ప్రారంభించిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్‌లో పట్టణ నిరాశ్రయుల వసతి ఒక భాగమైంది. ఆ మార్గదర్శకాలు చదివితే ఆశ్చర్యం వేస్తుంది. లక్ష జనాభాకు వంద మందికి చోటు ఉండాలి. మనిషికి 5 చదరపు మీటర్ల స్థలం ఇవ్వాలి. రోజుకు 24 గంటలూ తెరిచి ఉంచాలి. రైల్వే స్టేషన్, బస్టాండ్, మార్కెట్ లాంటి చోట్ల, అంటే నిరాశ్రయులు ఎక్కువగా ఉండే, పని చేసుకునే చోట్లకు వీలైనంత దగ్గరలో కట్టాలి. గాలి, వెలుతురు, మంచినీళ్లు, స్నానాల గదులు, మరుగుదొడ్లు, దోమల నివారణ, అగ్ని ప్రమాదం నుంచి రక్షణ, వంట చేసుకునే చోటు, దుప్పట్లు ఉతికించడం, పిల్లలకు అంగన్‌వాడీతో సంబంధం, అన్నీ అందులో ఉన్నాయి. ఒక మేనేజరు, ఎనిమిది గంటల షిఫ్టు చొప్పున కనీసం ముగ్గురు కేర్‌టేకర్లు ఉండాలి.

ఆ మార్గదర్శకాలను అక్షరాలా పాటించి ఉంటే మా అవ్వ తొమ్మిది కిలోమీటర్ల దూరం వెళ్లాల్సి వచ్చేది కాదు.

లెక్క వేసుకోవడం కష్టమేమీ కాదు. 2011 జనగణన నాటికే బెంగళూరు జనాభా 84 లక్షలు. వంద మంది పట్టే షెల్టర్లు 84 ఉండాలి. ఇప్పుడు జనాభా ఎంత పెరిగిందో, మీ పేటలో ఎన్ని షెల్టర్లు చూశారో మీరే చెప్పండి. డబ్బు ఉన్నా షెల్టర్లు ఎందుకు లేవో తేల్చమని 2016 నవంబరులో సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కైలాష్ గంభీర్ అధ్యక్షతన ఒక కమిటీని వెయ్యాల్సి వచ్చిందంటే, ఆదేశాలు వచ్చిన ఆరేళ్లకు పరిస్థితి ఎలా ఉందో ఊహించుకోవచ్చు.

చిన్న ఊళ్ల సంగతి వేరు. లక్షకు ఒకటి అనే లెక్కలో యానాం ఎక్కడుంటుంది? రాయగడ, జయపురం ఎక్కడుంటాయి? 2011 లెక్కల్లో వీటిలో ఏ పట్టణానికీ లక్ష జనాభా లేదు. కానీ ఆ ఊళ్ల మనుషులు నిరాశ్రయులు కాకుండా ఉన్నారా? రాయగడ, కోరాపుట్ నుంచి విశాఖ కేజీహెచ్‌కు రోగిని తీసుకుని వచ్చినవాళ్లు, యానాం నుంచి కాకినాడ పెద్దాసుపత్రికి వచ్చినవాళ్లు వారాల తరబడి ఎక్కడ పడుకుంటారు? రోగికి మంచం ఇస్తారు, వెంట వచ్చిన భార్యకో తల్లికో ఇవ్వరు. మెట్ల కింద, చెట్టు కింద, క్యాంటీన్ పక్కన చాప వేసుకుంటారు. మనలో చాలామందికి ఈ అనుభవం ఉంది. మనల్ని మనం నిరాశ్రయులమని అనుకోలేదు గానీ, ఆ రాత్రి ఎవరైనా వచ్చి లెక్క రాసుకుని ఉంటే మన పేరూ అందులో ఉండేది. చెన్నైలో కార్పొరేషన్ ప్రభుత్వ ఆసుపత్రుల దగ్గర సహాయకుల కోసం ప్రత్యేకంగా షెల్టర్లు నడుపుతోంది. బాగున్న పద్ధతి అది. మిగతా రాష్ట్రాల్లో ఉన్న మన వాళ్లు దాన్ని చూపించి తమ ఊళ్లో అడగవచ్చు.

జనగణన మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న విషయం. 2011లో ఇల్లు లేనివాళ్లను ఫిబ్రవరి 28 రాత్రి లెక్కపెట్టారు. దేశమంతా కలిపి 17.7 లక్షల మంది తేలారు, అందులో తొమ్మిది లక్షలకు పైగా పట్టణాల్లోనే. ఒక్క మహారాష్ట్రలోనే రెండు లక్షలు దాటారు. ఎక్కడెక్కడ వెతకాలో అధికారులకు ఇచ్చిన జాబితాలో ఫుట్‌పాత్‌లు, హ్యూమ్ పైపులు, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, రైల్వే ప్లాట్‌ఫారాలతో పాటు ప్రార్థనా స్థలాలు కూడా ఉన్నాయి. మన వరండా ప్రభుత్వ రికార్డులో ఎప్పుడో ఎక్కింది. మనమే దాన్ని గుర్తించలేదు.

ఇక మా వీధి వాళ్ల అభ్యంతరాలు. వాళ్లను రాక్షసుల్లా చూపించడం మాకు ఇష్టం లేదు. ఆ అర్జీ మీద మా సంతకం కూడా ఉంది. చీకట్లో కూతురు ఇంటికి రావాలని భయపడే తల్లి భయం నిజమైనదే. కానీ ఆ భయం దేని గురించి? లైటు లేని సందు, గేటు దగ్గర మనిషి లేకపోవడం, మరుగుదొడ్డి పాడైతే బయట గోడ వాడుకోవడం, రాత్రి గొడవ జరిగితే ఫోన్ ఎత్తేవాడు లేకపోవడం. ఇవన్నీ నడిపే తీరులో లోపాలు. షెల్టర్‌ను పక్క వార్డుకు పంపినంత మాత్రాన ఇవి పోవు. అక్కడి తల్లికి కూడా కూతురు ఉంటుంది. కేర్‌టేకర్ మూడు షిఫ్టుల్లోనూ ఉండి, బయట లైటు వెలుగుతూ, వార్డు వాళ్లు ఇద్దరు షెల్టర్ కమిటీలో ఉంటే సగం అభ్యంతరాలు మొదటి నెలలోనే తీరిపోతాయి. వీధి వాళ్లు అడగాల్సింది ఇది. మేం కూడా అప్పుడు అడిగి ఉండాల్సింది ఇదే.

ఇంకో రకం అభ్యంతరం ఉంది. బడికి ఇంత దూరం, గుడికి ఇంత దూరం, చర్చికి ఇంత దూరం అని నిబంధన పెట్టాలట. బ్రాందీ షాపులకు అలా కొలుస్తారు. మనుషులకు కొలవడం ఏమిటి? షెల్టర్‌లో పిల్లలు ఉంటారు, వాళ్లకు బడి దగ్గరగా ఉండాలి. ముసలివాళ్లు ఉంటారు, వాళ్లకు ఆసుపత్రి దగ్గరగా ఉండాలి. పాత నగరాల్లో ఇలాంటి దూరాలు అన్నీ కలిపి మ్యాపు మీద గీసి చూడండి. చివరికి మిగిలేది చెత్త యార్డు రోడ్డే. మా అభిప్రాయం సూటిగా చెప్తాం: షెల్టర్ మనుషులు ఉండే చోటు. మనుషుల ఇళ్లకు అనుమతి ఉన్న ప్రతి జోన్‌లోనూ దానికి అనుమతి ఉండాలి, వీధి వాళ్ల సంతకాల మీద అది ఆధారపడకూడదు.

ప్రమాణాల విషయంలో మేం అంత సూటిగా చెప్పలేం. అగ్నిమాపక అనుమతి లేదనో, బిల్డింగ్ పాతదనో అధికారులు షెల్టర్ మూసేస్తే ఆ రాత్రి 60 మంది ఫుట్‌పాత్ మీదకు వస్తారు. ఫుట్‌పాత్‌కు ఏ అనుమతీ అక్కర్లేదు గదా. అలాగని నిప్పు అంటుకుంటే బయటకు దారి లేని గదిలో వాళ్లను పడుకోబెట్టమని ఎవరం అనలేం. మాకు తోచిన మధ్యమార్గం ఒకటే. లోపం కనిపిస్తే సరిచేసే బాధ్యతకు తేదీ వేసి కార్పొరేషన్ మీద పెట్టాలి. మూసే ముందు లోపలి ప్రతి మనిషికీ నడిచి వెళ్లగలిగే దూరంలో మరో చోటు చూపించాలి. చోటు చూపించకుండా తాళం వేసే అధికారం ఎవరికీ ఉండకూడదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 2013 మార్గదర్శకాల్లో 50 మంది ఉండే షెల్టర్ నిర్వహణకు ఏడాదికి 6 లక్షల రూపాయలు అని లెక్క వేశారు. భాగించి చూడండి, మనిషికి రోజుకు దాదాపు 33 రూపాయలు. నలుగురు ఉద్యోగుల జీతాలు, కరెంటు, నీళ్లు, ఫినాయిలు, దుప్పట్ల చాకలి ఖర్చు, అన్నీ అందులోనే. షెల్టర్ వాసన వస్తోందని ముక్కు మూసుకునేవాళ్లు ఈ 33 రూపాయల గురించి ఒకసారి ఆలోచించాలి. పైగా చాలా షెల్టర్లను నడిపేది స్వచ్ఛంద సంస్థలు, వాటిలో మన క్రైస్తవ ట్రస్టులు కూడా ఉన్నాయి. బిల్లు ఆలస్యమైతే ముందు ఆగేది కేర్‌టేకర్ జీతం. నెలల తరబడి జీతం రాని మనిషి రాత్రి రెండింటికి లేచి తలుపు తీయలేదని మనం ఫిర్యాదు చేస్తాం.

ఆ తలుపు గురించే ఇంకొంచెం. రాత్రి ఎనిమిదికి తెరిచి పొద్దున ఆరుకు ఖాళీ చేయించే షెల్టర్ రాత్రి పని చేసేవాళ్లకు ఎందుకూ పనికిరాదు. తెల్లవారుజామున రోడ్లు ఊడ్చేవాళ్లు, మార్కెట్ హమాలీలు, వాచ్‌మన్లు పగలు పడుకోవాలి. 24 గంటలు అని మార్గదర్శకాల్లో రాసింది ఊరికే కాదు. ఆధార్ కార్డు లేనిదే లోపలికి రానివ్వమనే చోట్లు ఉన్నాయి. రోడ్డు మీద బతికే మనిషి సంచి ఎన్నిసార్లు పోయి ఉంటుందో, ఎన్ని వానల్లో తడిసి ఉంటుందో వాళ్లు ఆలోచించరు. సామాను పెట్టుకోవడానికి తాళం వేసుకునే చిన్న పెట్టె లేకపోతే చాలామంది అసలు రారు, ఎందుకంటే ఆ సంచే వాళ్ల ఇల్లు. కుటుంబాన్ని విడదీసి భర్తను ఒక వార్డులో, భార్యాపిల్లలను మరో వార్డులో పెడితే అందరూ కలిసి ఫుట్‌పాత్‌కే తిరిగి వస్తారు. ఆడవాళ్ల షెల్టర్‌కు మగ కేర్‌టేకర్‌ను పెట్టారంటే అక్కడ ప్రమాణాలు చదివినవాళ్లు ఎవరూ లేరని అర్థం.

అన్నిటికంటే ముందు ఆ తలుపు లోపలి నుంచి తెరుచుకోవాలి. బెంగళూరులో బిచ్చమెత్తేవాళ్లను పట్టుకెళ్లి ఉంచే ప్రభుత్వ కేంద్రంలో 2010లో వరసగా చావులు జరిగి పెద్ద వార్త అయింది. మహారాష్ట్రలో 1959 నాటి భిక్షాటన నిరోధక చట్టం ఉంది. అదే చట్టాన్ని ఢిల్లీకి వర్తింపజేసిన చోట దానిలోని ముఖ్యమైన సెక్షన్లను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. ఈ చరిత్ర ఫుట్‌పాత్ మీద ఉన్నవాళ్లకు మనకంటే బాగా తెలుసు. అందుకే షెల్టర్ వ్యాన్ కనిపిస్తే పరుగెత్తేవాళ్లు ఉన్నారు. ఇష్టమైతే వచ్చేది, ఇష్టం లేకపోతే వెళ్లిపోయేది షెల్టర్. పోలీసు బండిలో ఎక్కించి తెచ్చే చోటుకు వేరే పేరు పెట్టుకోవాలి.

మన సంఘాల సంగతికి వద్దాం, ఇది మనలో మనం మాట్లాడుకోవాల్సింది. క్రైస్తవ ట్రస్టులు నడిపే చోట సాయంత్రం ప్రార్థనకు కూర్చుంటేనే భోజనం అనే పద్ధతి అక్కడక్కడా ఉందని మనకు తెలుసు. అది తప్పు. ప్రభుత్వ డబ్బుతో నడిపేచోట అది నిబంధనలకు విరుద్ధం కావచ్చు, మన సొంత కానుకలతో నడిపేచోట కూడా తప్పే. ఆకలి మీద ఉన్న మనిషి చెప్పే ఆమెన్‌కు ఏం విలువ ఉంటుంది? ఇలా రాస్తే కొందరు పాస్టర్లకు కోపం వస్తుందని తెలుసు. రానివ్వండి.

ధర్మశాస్త్రంలో ఆశ్రయపురాల సంగతి మన సండే స్కూల్ పిల్లలకు కూడా తెలుసు. యొర్దానుకు ఇటు మూడు, అటు మూడు: కెదెషు, షెకెము, హెబ్రోను, బేసెరు, రామోతు, గోలాను. పొరపాటున ఒకరి చావుకు కారణమైనవాడు ప్రాణం దక్కించుకోవడానికి పారిపోయి చేరే ఊళ్లు అవి. నిరాశ్రయులకు ఉద్దేశించినవి కావు, ఆ పోలికను మేం సాగదీయం. కానీ ద్వితీయోపదేశకాండం 19వ అధ్యాయం తీసి చూడండి. దేశాన్ని మూడు భాగాలు చేసి, భాగానికి ఒక ఊరు చొప్పున పెట్టి, అక్కడికి దారి సిద్ధం చేయమని ఉంది. దూరం ఎక్కువైతే మనిషి చేరేలోపే ప్రాణం పోతుందనే భయం కూడా అక్కడే కనిపిస్తుంది. ఆశ్రయం ఎంత దూరంలో ఉండాలన్నది ఆ చట్టం ముందే ఆలోచించింది. మనం ప్రతి డిసెంబరులో సత్రం గురించి ప్రసంగం వింటాం, ఈ దూరం గురించిన ప్రసంగం మాత్రం ఎక్కడా వినలేదు.

ఇక్కడ తెలుగువాళ్లుగా మనకు సంబంధించిన ముక్క ఒకటి ఉంది. ముంబయిలో కామాఠిపుర అనే పేరు తెలుగు ప్రాంతాల నుంచి వెళ్లి ఆ నగరంలో కూలి పని చేసిన కామాఠీల నుంచి వచ్చింది. షోలాపూర్ మగ్గాలు, భివండీ మిల్లులు, చెన్నై, బెంగళూరు వీధులు ఊడ్చే పని, ఇవన్నీ మన వాళ్ల చేతుల మీద నడిచినవే. రైలు దిగిన మొదటి రాత్రి ఎక్కడ పడుకున్నారో మీ ఇంట్లో తాతనో నాయనమ్మనో అడగండి. మాలో ఒకరి తాత మూడు నెలలు ఒక గోడౌన్ అరుగు మీద పడుకున్నాడు. ఆ గోడౌన్ యజమాని తరిమేయలేదు, అంతే. ఇప్పుడు ఆ కుటుంబానికి రెండు అంతస్తుల ఇల్లు ఉంది. పాత వార్డు ఆఫీసు మీద పెట్టిన అర్జీలో ఆ ఇంటి సంతకం కూడా ఉంది.

యువతీయువకులకు ఒక మాట. మీరు ఈ క్రిస్మస్‌కు దుప్పట్లు పంచండి, కాదనం. ఆ పంచే రాత్రే ఒక పుస్తకం వెంట తీసుకెళ్లండి. ఎంతమంది ఉన్నారు, ఏం పని చేస్తారు, పని ఎక్కడ, ఏ వేళకు వెళ్తారు, దగ్గరి షెల్టర్ ఎంత దూరం, అక్కడికి ఎందుకు వెళ్లరు అని అడిగి రాసుకోండి. పేర్లు అక్కర్లేదు, ఫొటోలు అసలే వద్దు. తర్వాత మీ పేటకు దగ్గరి షెల్టర్‌కు రాత్రి పదకొండింటికి ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి వెళ్లి తలుపు తెరిచి ఉందో లేదో చూడండి. కేర్‌టేకర్‌కు చివరి జీతం ఎప్పుడు వచ్చిందో మర్యాదగా అడగండి. మూడు లక్షలు దాటిన ఊళ్లలో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం 243ఎస్ అధికరణంలోనే ఉంది. అది ఎప్పుడు కూర్చుంటుందో తెలుసుకుని ఆ పుస్తకంతో వెళ్లండి. మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చినప్పుడు అభ్యంతరాలకు, సూచనలకు గడువు ఇస్తారు. అభ్యంతరం రాసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఈ ఫలానా స్థలంలో షెల్టర్ కావాలి అని సూచన రాసేవాళ్లు చాలా తక్కువ, కాబట్టి మీ ఒక్క కాగితానికి కూడా కాస్త బరువు ఉంటుంది.

మా చర్చిలో ఏం జరిగిందో చెప్పి ముగిస్తాం. గత ఏడాది కమిటీలో ఈ విషయం మళ్లీ లేవదీశాం. ఈసారి చర్చ జరిగింది, గట్టిగానే. ఇద్దరు పెద్దలు లేచి వెళ్లిపోయారు. చివరికి తొమ్మిది మందిలో ఐదుగురు ఒప్పుకుని, అర్జీ మీద పెట్టిన సంతకాలను వెనక్కి తీసుకుంటున్నామని, ఆ బిల్డింగ్‌ను స్త్రీల షెల్టర్‌గా తెరవాలని, షెల్టర్ కమిటీలో చర్చి తరఫున ఒకరు పని చేస్తారని కార్పొరేషన్‌కు ఉత్తరం రాశారు. వీధిలో నలుగురు మాతో మాట్లాడటం మానేశారు. ట్యూషన్ పిల్లల తల్లుల్లో ఒకామె మాత్రం వచ్చి, కేర్‌టేకర్‌గా ఆడమనిషిని పెడతారా అని అడిగింది, పెడితే తనకు అభ్యంతరం లేదంది.

పాత వార్డు ఆఫీసుకు ఇంకా తాళమే ఉంది. ఉత్తరం అందినట్టు ముద్ర వేసిన కాపీ మా దగ్గర ఉంది, జవాబు రాలేదు. గుర్తు చేస్తూ రెండో ఉత్తరం పోయిన నెల ఇచ్చాం. అవ్వ రాత్రి మా వరండాలోనే పడుకుంటోంది. వాన జల్లు లోపలికి కొడుతోందని ఒక పక్క రేకు వేయించాం. రాత్రి పూట చర్చి మరుగుదొడ్డి తాళం ఆమెకు ఇవ్వాలా వద్దా అన్నది వచ్చే ఆదివారం కమిటీ ముందుకు వస్తోంది.